సినిమా, అంతర్జాతీయ రాజకీయాలు: కథలో కన్నా విడుదల దారిలో చూడండి

రాజనీతి శాస్త్రంలో పీజీ చేస్తున్నానని, ప్రాజెక్టుకి ఈ అంశం తీసుకోవాలనుకుంటున్నానని రాశారు. సినిమాకీ దేశాల మధ్య రాజకీయాలకీ నిజంగా సంబంధం ఉందా, ఉంటే అది ప్రచార సినిమాల వరకేనా, ఒక సినిమా వెనక రాజకీయం ఉందో లేదో ఎలా పసిగట్టాలి అని అడిగారు. విదేశీ సినిమాల హక్కులు కొనడం, అమ్మడం, ఫెస్టివల్స్‌కి సినిమాలు ఎంపిక చేయడం నా వృత్తి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సంబంధం ఉంది, బలంగానే ఉంది. అయితే చాలామంది దాన్ని కథలో వెతుకుతారు. విలన్ ఏ దేశం వాడు, చివర్లో ఎవరి జెండా ఎగిరింది అని చూస్తారు. అదీ చూడాల్సిందే. కానీ ఇన్నేళ్లలో నాకు అర్థమైనదేంటంటే, అసలు రాజకీయం సినిమా తెర దాకా చేరే దారిలో నడుస్తుంది. ఏ దేశం తన మార్కెట్‌లోకి రానిస్తుంది, వచ్చిన వసూళ్లను బయటికి తీసుకెళ్లనిస్తుందా, షూటింగ్‌కి యుద్ధ విమానాలు ఎవరిస్తారు, ఏ ఫెస్టివల్ పిలుస్తుంది, ఏది పిలవదు. కథలో ఎక్కడో ఒక దేశం పేరు ఎందుకు మారిందో వీటిని చూస్తేనే తెలుస్తుంది.

1930 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగింది తీసుకోండి. యూనివర్సల్ కంపెనీ తీసిన 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' అనే అమెరికన్ సినిమా అక్కడ విడుదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ కుర్రాళ్లు కందకాల్లో ఎలా ప్రాణాలు పోగొట్టుకున్నారో అందులో చూపించారు. హిట్లర్ నాజీ పార్టీ నాయకుడు గోబెల్స్ తన మనుషులతో హాల్లోకి వెళ్లి గొడవ చేయించాడు. కంపు బాంబులు విసిరారు, సీట్ల మధ్య తెల్ల ఎలుకల్ని వదిలారు. నాజీలు అప్పటికింకా అధికారంలోకి రాలేదు. అయినా వారం తిరిగేలోపే సెన్సారు ఆ సినిమాను నిషేధించింది.

ఇంతవరకు చాలామందికి తెలిసిన సంగతే. తర్వాతి ఏడాది జరిగింది ఇంకా ముఖ్యం. 1931లో కోతలు పెట్టిన ప్రింటుకి జర్మనీ అనుమతి ఇచ్చింది, ఒక షరతు మీద. మిగతా దేశాల్లో కూడా ఆ కోసిన ప్రింటునే చూపించాలి. యూనివర్సల్ ఒప్పుకుంది. అంటే బెర్లిన్‌లో కొందరికి నచ్చని సన్నివేశాన్ని వేరే ఖండంలో ఉన్న ప్రేక్షకుడు కూడా చూడకూడదన్నమాట. ఒక దేశపు సెన్సారు అధికారం ఆ దేశ సరిహద్దు దగ్గర ఆగలేదు. తన మార్కెట్ కావాలనుకునే కంపెనీ ద్వారా ప్రపంచమంతా తిరిగింది.

1932లో ఈ పద్ధతి చట్టంలోకే ఎక్కింది. జర్మనీ ప్రతిష్ఠకు భంగం కలిగించే సినిమాను ఎక్కడైనా సరే విడుదల చేసిన కంపెనీకి, దాని మిగతా సినిమాలకు కూడా పర్మిట్లు నిరాకరించవచ్చని జర్మన్ సినిమా నిబంధనల్లో 15వ అధికరణం చెప్పింది. శిక్ష ఒక్క సినిమాకి పడదు, కంపెనీ మొత్తానికి పడుతుంది. 1933 నుంచి లాస్ ఏంజెలెస్‌లో జర్మన్ కాన్సుల్‌గా ఉన్న గేయోర్గ్ గిస్లింగ్ ఈ ఒక్క అధికరణం పట్టుకుని స్టూడియోల చుట్టూ తిరిగాడు. 1937లో వచ్చిన 'ది రోడ్ బ్యాక్' విషయంలో అయితే ఏకంగా నటీనటులకు, సిబ్బందికి ఉత్తరాలు రాశాడు, ఇందులో పనిచేస్తే ఇకపై మీరున్న సినిమాలకు జర్మనీలో చోటుండకపోవచ్చని. అది మరీ హద్దు దాటడంతో అమెరికా విదేశాంగ శాఖ అభ్యంతరం చెప్పింది.

ఆ కాలంలో గిస్లింగ్ ఆపించిన సినిమాలకన్నా, ఎవరూ ఆపకుండానే ఆగిపోయిన సినిమాలు నన్ను ఎక్కువ బాధపెడతాయి. తీసిన సినిమాను నిషేధిస్తే కనీసం రికార్డు ఉంటుంది. "మనకెందుకు టెన్షన్" అని స్క్రిప్టు దశలోనే వదిలేసినదానికి ఏ రికార్డూ ఉండదు. వార్నర్ బ్రదర్స్ 1934లో జర్మనీ నుంచి బయటికి వచ్చేసింది. 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ నాజీ స్పై' అని, శత్రువును పేరు పెట్టి చూపించిన సినిమాను 1939లో తీసింది కూడా వార్నరే. ధైర్యం ఉంది, కాదనను. కానీ ఆ మార్కెట్‌లో పోగొట్టుకోవడానికి వాళ్లకి ఏమీ మిగల్లేదన్నది కూడా నిజం. ఎంజీఎం, పారమౌంట్, ఫాక్స్ మాత్రం 1940 దాకా అక్కడే వ్యాపారం చేశాయి. మీ ప్రాజెక్టులో ఏ సినిమా గురించి రాసినా, ఆ కంపెనీకి అప్పట్లో ఏ దేశంలో ఎంత వ్యాపారం ఉందో ముందు చూడండి.

ఇక డబ్బు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఫ్రాన్స్ అప్పుల్లో మునిగి ఉంది. 1946 మేలో ఫ్రాన్స్ తరఫున లియోన్ బ్లూమ్, అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బర్న్స్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. యుద్ధకాలపు అప్పులో పెద్ద భాగం రద్దయింది, కొత్త రుణం వచ్చింది. అప్పుల ఒప్పందంలో సినిమాకి ఏం పని అనుకుంటారు. కానీ అందులో సినిమా ఉంది. యుద్ధానికి ముందున్న దిగుమతి పరిమితులు పోయి, ప్రతి 13 వారాల్లో 4 వారాలు మాత్రమే థియేటర్లు ఫ్రెంచి సినిమాలకు కేటాయించాలన్న నిబంధన వచ్చింది. మిగతా 9 వారాలు ఎవరి సినిమా అయినా ఆడించుకోవచ్చు. నాజీ ఆక్రమణ కాలంలో ఫ్రాన్స్‌కి రాలేకపోయిన అమెరికన్ సినిమాలన్నీ అప్పటికే డబ్బాల్లో సిద్ధంగా ఉన్నాయి, ఖర్చు ఎప్పుడో రాబట్టుకున్నవి. వాటితో పోటీపడటం ఫ్రెంచి నిర్మాతల వల్ల కాలేదు. 1948 జనవరిలో నటీనటులు, దర్శకులు, టెక్నీషియన్లు పారిస్ వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది కోటాను 5 వారాలకు పెంచారు. దానికన్నా పెద్ద ఫలితం ఇంకొకటుంది. టికెట్ల మీద పన్ను వేసి, ఆ డబ్బును తిరిగి ఫ్రెంచి సినిమాకే పెట్టే పద్ధతి మొదలైంది. అమెరికన్ సినిమా టికెట్ కొన్నా అందులో కొంత ఫ్రెంచి సినిమాకి చేరుతుంది. ఫ్రాన్స్‌లో సినిమా ఇప్పటికీ నిలబడి ఉండటానికి ఈ పద్ధతి ముఖ్య కారణం. దీని మూలం ఒక అప్పు పత్రంలో ఉంది.

బ్రిటన్ ఇంకా దురుసుగా వెళ్లింది. 1947 ఆగస్టులో, డాలర్లు బయటికి పోతున్నాయని ఆర్థిక మంత్రి హ్యూ డాల్టన్ విదేశీ సినిమాల మీద 75 శాతం సుంకం వేశాడు. హాలీవుడ్ కంపెనీలన్నీ కలిసి కొత్త సినిమాలు పంపడం ఆపేశాయి. థియేటర్లు పాత సినిమాలే మళ్లీ మళ్లీ వేసుకున్నాయి. 1948 మార్చిలో బ్రిటన్ వెనక్కి తగ్గింది. సుంకం పోయింది, బదులుగా అమెరికన్ కంపెనీలు ఏడాదికి సుమారు 1.7 కోట్ల డాలర్ల వరకే బయటికి తీసుకెళ్లాలని, మిగిలింది అక్కడే ఖర్చు పెట్టాలని కుదిరింది. ఇటలీలోనూ ఇలాగే వసూళ్లు బయటికి పోకుండా ఆపారు. అలా ఇరుక్కున్న లీరాలతో (అప్పటి ఇటలీ కరెన్సీ) అమెరికన్లు రోమ్‌లో షూటింగులు చేశారు. 'రోమన్ హాలిడే' (1953) రోమ్ వీధుల్లో తీయడానికి ఆ నగరం అందం ఒక్కటే కారణం కాదు. విదేశీ మారకపు నిబంధనలు కూడా అందులో పాత్రధారులే. అప్పట్లో హాలీవుడ్ కంపెనీల ఎగుమతి సంఘాన్ని వాషింగ్టన్‌లో "చిన్న విదేశాంగ శాఖ" అని పిలిచేవాళ్లంటే ఆశ్చర్యం లేదు.

ఈ గొడవ తర్వాత ప్రపంచ వాణిజ్య చర్చల్లోకి వెళ్లింది. 1993 డిసెంబరులో గాట్ (సుంకాలు, వాణిజ్యం మీద దేశాల మధ్య ఒప్పందం) కింద జరిగిన ఉరుగ్వే రౌండ్ చర్చలు ముగింపుకి వచ్చినప్పుడు చివరిదాకా తేలని విషయాల్లో సినిమా, టీవీ ఉన్నాయి. సంస్కృతిని మిగతా సరుకుల్లా చూడకూడదని ఫ్రాన్స్ పట్టుబట్టింది, యూరప్ సినిమా రంగంలో తన తలుపులు తెరుస్తానని మాటివ్వకుండానే ఒప్పందం ముగిసింది. 2005లో యునెస్కో సాంస్కృతిక వైవిధ్య ఒడంబడిక మీద ఓటింగు పెడితే 148 దేశాలు అనుకూలం, వ్యతిరేకం రెండే: అమెరికా, ఇజ్రాయెల్. అమెరికా వ్యతిరేకతకు ప్రధాన కారణం సినిమా వ్యాపారమే.

దక్షిణ కొరియా కథ ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ థియేటర్లు ఏడాదికి 146 రోజులు కొరియన్ సినిమాలు ఆడించాలన్న నియమం ఉండేది. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య చర్చలు మొదలుపెట్టాలంటే ముందు దాన్ని తగ్గించాలన్నది అమెరికా షరతు. అంతకుముందు 1999లోనే దీని మీద నిరసనగా దర్శకులు గుండ్లు గీయించుకున్నారు. 2006లో కోటాను సగానికి, అంటే 73 రోజులకు తగ్గించేటప్పటికి నటుడు చోయ్ మిన్ సిక్ ప్రభుత్వం తనకిచ్చిన సాంస్కృతిక పురస్కారాన్ని తిరిగి ఇచ్చేశాడు. కార్లు, బియ్యం, మందుల గురించి మాట్లాడుకునే బల్ల మీద మొదట పెట్టిన మూల్యం సినిమా. కోటా తగ్గినా కొరియన్ సినిమా పడిపోలేదని, 2020లో 'పారసైట్' ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిందని కొందరు వాదిస్తారు. ఆ దర్శకులందరూ కోటా కాపాడిన సంవత్సరాల్లో పని నేర్చుకున్నవాళ్లేనని నా సమాధానం.

చైనా విషయం మీకు తెలిసే ఉంటుంది, కాబట్టి లెక్క ఒక్కటీ సరిగ్గా పట్టుకోండి. వసూళ్లలో వాటా పొందే విదేశీ సినిమాలను చైనా 1994లో ఏడాదికి 10తో మొదలుపెట్టింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక 20 చేసింది. అమెరికా ఆ సంస్థలో కేసు గెలిచాక, 2012 ఫిబ్రవరిలో జో బైడెన్, షి జిన్‌పింగ్ ఇద్దరూ ఉపాధ్యక్షులుగా ఉన్నప్పుడు కుదిరిన ఒప్పందంతో ఆ సంఖ్య 34కి పెరిగింది, కంపెనీకి వచ్చే వాటా 25 శాతం అయింది. వందల సినిమాలు, 34 సీట్లు. ఆ సీటు ఎవరికివ్వాలో చైనా ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఇక బెదిరించాల్సిన పని ఏముంటుంది? అందరూ ముందే జాగ్రత్త పడతారు.

1997లో డిస్నీ దలైలామా జీవితం మీద 'కుందున్' విడుదల చేసింది. చైనా డిస్నీ వ్యాపారాన్ని స్తంభింపజేసింది. 1998లో కంపెనీ అధిపతి మైకెల్ ఐస్నర్ బీజింగ్ వెళ్లి, ప్రధాని ఝు రోంగ్జీ ముందు ఆ సినిమా తీయడం తెలివితక్కువ పని అని ఒప్పుకున్నాడు. తర్వాత షాంఘైలో డిస్నీల్యాండ్ వచ్చింది, 2016లో. 2009లో షూట్ చేసిన 'రెడ్ డాన్' కొత్త వెర్షన్‌లో అమెరికా మీద దండెత్తేది చైనా సైన్యం. 2012లో విడుదలయ్యేసరికి అది ఉత్తర కొరియా సైన్యం అయిపోయింది. జెండాలు, గుర్తులు కంప్యూటర్ మీద మార్చేశారు. ఉత్తర కొరియాలో ఈ కంపెనీకి టికెట్లు అమ్మే మార్కెట్ లేదు. అందుకే విలన్‌గా ఆ దేశం సురక్షితం.

నేను కూర్చున్న మీటింగుల్లో కూడా ఇలాంటిది చూశాను. ఏ ప్రభుత్వమూ అడగలేదు, ఏ అధికారీ ఫోన్ చేయలేదు. అమ్మకాల వాళ్లు "ఈ దేశం పేరు ఉంటే ఫలానా చోట్ల కొనరు" అన్నారు, రచయిత ఆ పేరు తీసేశాడు, అంతే. పది నిమిషాల పని. దీన్ని సెన్సారు అని ఎవరూ అనరు, కానీ ఫలితం అదే.

అయితే ఈ పట్టు ఎప్పటికీ ఒకేలా ఉండదు. 'టాప్ గన్: మావరిక్' 2019 ట్రైలర్‌లో హీరో జాకెట్ మీద ఉండాల్సిన తైవాన్, జపాన్ జెండాలు మాయమయ్యాయి. అప్పట్లో చైనా కంపెనీ టెన్సెంట్ పెట్టుబడి పెడుతోంది. టెన్సెంట్ తప్పుకుంది, 2022లో సినిమా జెండాలతోనే వచ్చింది, చైనాలో విడుదల కాకుండానే భారీ హిట్ అయింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలకు జవాబుగా చైనా అమెరికన్ సినిమాల దిగుమతి తగ్గిస్తానని ప్రకటించింది. మే నెలలో ట్రంప్ విదేశాల్లో తీసిన సినిమాల మీద 100 శాతం సుంకం అన్నాడు. 1947 నాటి బ్రిటన్ గొడవ చదివినవాళ్లకి ఇందులో కొత్తదనం కనిపించదు.

సైన్యాల సహాయం సంగతి చిన్నగా చెప్తాను, దీని మీద ఇప్పటికే చాలా రాశారు. అమెరికా రక్షణ శాఖ యుద్ధ నౌకలు, విమానాలు, సైనికులను సినిమాలకు ఇస్తుంది. ముందు స్క్రిప్టు చూస్తుంది, మార్పులు అడుగుతుంది. మొదటి ఆస్కార్ ఉత్తమ చిత్రం 'వింగ్స్' (1927) రోజుల నుంచే ఇది ఉంది. 'ఇండిపెండెన్స్ డే' నుంచి అమెరికా రహస్య సైనిక స్థావరం ఏరియా 51 ప్రస్తావన తీయమంటే నిర్మాతలు తీయలేదు, సహాయం రాలేదు. జలాంతర్గామిలో తిరుగుబాటు చూపించే 'క్రిమ్సన్ టైడ్' (1995)కి అమెరికా నౌకాదళం కాదంటే, ఫ్రెంచి నౌకాదళం తన విమాన వాహక నౌకను ఇచ్చింది. సహాయం తీసుకున్న ప్రతి సినిమా అబద్ధమని నేననను. కానీ భారీ యుద్ధ సినిమా చూసినప్పుడు, చివర పేర్లు పడేటప్పుడు లేచి వెళ్లిపోకండి. ఎవరికి కృతజ్ఞతలు చెప్పారో చదవండి.

ఫెస్టివల్స్ పుట్టుకే రాజకీయం. 1932లో మొదలైన వెనిస్ చిత్రోత్సవంలో 1938 నాటికి బహుమతి పేరే ముస్సోలినీ కప్పు. ఆ ఏడు అది నాజీ జర్మనీ తీసిన 'ఒలింపియా'కి, ఒక ఇటాలియన్ యుద్ధ విమాన చోదకుడి సినిమాకి దక్కింది. ఒళ్లుమండిన ఫ్రెంచివాళ్లు తమదే ఒకటి పెట్టుకోవాలనుకున్నారు, అదే కాన్. ప్రారంభ తేదీ 1939 సెప్టెంబరు 1. సరిగ్గా ఆ రోజు జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది, ఉత్సవం 1946 దాకా జరగలేదు. బెర్లిన్ ఫెస్టివల్ 1951లో మొదలైంది, దాని ఆలోచన యుద్ధం తర్వాత జర్మనీలో ఉన్న అమెరికన్ సైనిక ప్రభుత్వంలో పనిచేసిన సినిమా అధికారి ఆస్కార్ మార్టేది. సోవియట్ సినిమా అక్కడ అడుగుపెట్టింది 1974లో. 1979లో 'ది డీర్ హంటర్' వియత్నాం ప్రజలను అవమానించిందని సోవియట్ కూటమి దేశాలు మధ్యలోనే వెళ్లిపోయాయి.

వీటన్నిటిలో నన్ను వదలనిది 1956 కాన్. నాజీల నిర్బంధ శిబిరాల మీద అలెన్ రెనే తీసిన 'నైట్ అండ్ ఫాగ్' అనే అరగంట డాక్యుమెంటరీని పోటీ నుంచి తీసేయమని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయం అడిగింది. తీసేశారు. యుద్ధం ముగిసి పదకొండేళ్లే. కొత్త మిత్రుడి మనసు నొప్పించకూడదన్నది లెక్క. అంతకుముందే ఫ్రెంచి సెన్సారు అదే సినిమాలో ఒక ఫొటోను సరిదిద్దించింది, ఎందుకంటే శిబిరానికి కాపలా కాస్తున్నది ఫ్రెంచి పోలీసు అని టోపీ చూస్తే తెలిసిపోతోంది. ఒక్క సినిమా మీద రెండు ప్రభుత్వాల సిగ్గు పనిచేసింది.

సినిమా దేశాలను దగ్గర చేస్తుందా అన్నది ఇంకో వైపు. చేస్తుంది, జనాన్ని. ప్రభుత్వాలను చేస్తుందని గట్టిగా చెప్పలేను. 1954లో సోవియట్ యూనియన్‌లో విడుదలైన రాజ్ కపూర్ 'ఆవారా'ని అక్కడ 6 కోట్ల మందికి పైగా చూశారు. ఆ అభిమానం తరాలు నిలిచింది. అయితే స్టాలిన్ పోయి, మాస్కో భారత్ వైపు తిరుగుతున్న సమయంలోనే ఆ సినిమాకి తలుపు తెరుచుకుందని మర్చిపోకూడదు. స్నేహం వల్ల సినిమా వచ్చింది, వచ్చిన సినిమా స్నేహాన్ని ఇళ్లలోకి తీసుకెళ్లింది. 2017లో 'దంగల్' చైనాలో బ్రహ్మాండంగా ఆడింది. జూన్‌లో షి జిన్‌పింగ్ తనకు నచ్చిందని మోదీతో అన్నాడని వార్తలొచ్చాయి. అదే నెలలో డోక్లాంలో రెండు దేశాల సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయి.

అదే, తలుపు మూసేయడం మాత్రం చాలా సులువు. 1965 యుద్ధంతో పాకిస్తాన్ భారతీయ సినిమాలను నిషేధించింది, అది సుమారు నాలుగు దశాబ్దాలు నడిచింది. జనం వీడియో క్యాసెట్ల మీద చూస్తూనే ఉన్నారు, దెబ్బతిన్నది థియేటర్లు. సడలింపు వచ్చాక కొత్త స్క్రీన్లు లేచాయి, 2019లో బాలాకోట్ తర్వాత మళ్లీ ఆగింది. 2016లో దక్షిణ కొరియా, చైనాకి ఇష్టం లేని అమెరికా థాడ్ క్షిపణి రక్షణ వ్యవస్థను పెట్టుకుంటానన్నప్పుడు చైనాలో కొరియన్ సినిమాలు, సీరియళ్లు కనిపించకుండా పోయాయి. నిషేధం ఉందని బీజింగ్ ఎప్పుడూ ఒప్పుకోలేదు. దేశాలు సినిమాను ఇలా వాడుకోవడానికి కారణం ఒకటే. ఉక్కు ఆపితే సొంత పరిశ్రమలు గోల పెడతాయి. సినిమా ఆపితే కోపం అందరికీ తెలుస్తుంది, ఖర్చు తక్కువ.

ఒక్క సినిమా వల్ల సంక్షోభం వచ్చిన సందర్భాలు అరుదు, కానీ ఉన్నాయి. ఉత్తర కొరియా అధినేత హత్య మీద సోనీ తీసిన కామెడీ 'ది ఇంటర్వ్యూ' గురించి 2014 జూన్‌లో ఆ దేశపు రాయబారి ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేశాడు. నవంబరులో సోనీ కంప్యూటర్లు హ్యాక్ అయ్యాయి. ఇది ఉత్తర కొరియా పనేనని ఎఫ్‌బీఐ చెప్పింది, 2015 జనవరిలో అమెరికా ఆ దేశం మీద కొత్త ఆంక్షలు పెట్టింది. ఇందులో నాకు గుర్తుండిపోయింది హ్యాకింగ్ కాదు. పెద్ద థియేటర్ చైన్లు భయపడి సినిమా వెయ్యబోమని చెప్పినప్పుడు సోనీ విడుదల ఆపేస్తే, అది పొరపాటని ఒబామా బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. చివరికి కొన్ని వందల చిన్న థియేటర్లు ముందుకొచ్చి క్రిస్మస్ రోజు వేశాయి.

దీనికి పూర్తి భిన్నమైనది 'ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' (1966). అల్జీరియాలో ఫ్రెంచి పాలన మీద పోరాడిన సాదీ యాసెఫ్ దీన్ని నిర్మించి, తన పాత్రలాంటిదే తానే వేశాడు. వెనిస్‌లో అత్యున్నత బహుమతి వచ్చింది, ఫ్రెంచి ప్రతినిధులు బహిష్కరించారు, ఫ్రాన్స్‌లో కొన్నేళ్లు ఆడలేదు. 2003 ఆగస్టులో, ఇరాక్‌లో అమెరికా సైన్యం చిక్కుల్లో పడుతున్నప్పుడు, పెంటగాన్ తన అధికారులకు ఇదే సినిమా వేసి చూపించింది. వలస పాలనకు వ్యతిరేకంగా తీసిన సినిమా, ఆక్రమణ సైన్యానికి పాఠం అయింది. సినిమాను ఎవరు ఎందుకు చూస్తారన్నది తీసినవాళ్ల చేతిలో ఉండదు. అందుకే "ఇది ప్రచార సినిమానా కాదా" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతే మీకు పెద్దగా ఏమీ దొరకదు.

ఎలా పసిగట్టాలి అన్నారు కదా. నేను చూసే పద్ధతి ఇది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏయే దేశాల కంపెనీలు కలిసి తీశాయో చూస్తాను. సైన్యం, పోలీసు, పర్యాటక శాఖ సహాయం ఉందేమో చూస్తాను. ఏ దేశాల్లో విడుదలైంది, ఎక్కడ కాలేదు, ఎక్కడ నిడివి తక్కువగా ఉంది అని పోల్చుతాను. ఇదివరకు రీలు కోసేస్తే కనీసం జంప్ కనిపించేది. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో ఒక దేశంలో ఉన్న సినిమా పక్క దేశంలో ఉండదు, ఎవరికీ తెలియదు కూడా. ప్రభుత్వాల రాతపూర్వక ఆదేశాల మీద అప్పటిదాకా మొత్తం 9 టైటిళ్లు తీసేశామని 2020లో నెట్‌ఫ్లిక్స్ చెప్పింది. ఆదేశం రాకముందే కొనకుండా వదిలేసినవి ఈ లెక్కలోకి రావు.

ప్రాజెక్టుకి మాత్రం ఇంత పెద్ద అంశం తీసుకోకండి, మునిగిపోతారు. నన్నడిగితే ఒక్క గీత తీసుకోండి. దక్షిణ చైనా సముద్రంలో ఎక్కువ భాగం తనదంటూ చైనా మ్యాపుల్లో గీసే తొమ్మిది ముక్కల గీత. దానికి చట్టపరమైన ఆధారం లేదని 2016లో హేగ్ ట్రిబ్యునల్ చెప్పింది. 2019లో డ్రీమ్‌వర్క్స్, షాంఘైలోని పెర్ల్ స్టూడియో కలిసి తీసిన పిల్లల యానిమేషన్ 'అబామినబుల్'లో ఒక మ్యాపు మీద ఆ గీత కనిపించింది. వియత్నాం ఆడుతున్న సినిమాను థియేటర్ల నుంచి తీసేసింది. మలేషియా ఆ సన్నివేశం కోసేస్తే చాలంది, నిర్మాతలు కోయలేదు, అక్కడ విడుదల కాలేదు. 2022లో 'అన్‌చార్టెడ్' వియత్నాంలో ఆగిపోయింది, తర్వాత ఫిలిప్పీన్స్ కూడా ఆపించింది. 2023లో 'బార్బీ'లో పిల్లలు గీసినట్టున్న ఒక మ్యాపు మీద గొడవ వచ్చింది. వియత్నాం నిషేధించింది. ఫిలిప్పీన్స్ ఆ మ్యాపు పరిశీలించి విడుదలకు అనుమతించింది, గీతలా ఉన్నదాన్ని మసకబరచమని మాత్రం కోరింది.

గీత ఒకటే, సముద్రమూ ఒకటే, కానీ మూడు దేశాలూ మూడు రకాలుగా స్పందించాయి. ఒకే దేశం రెండు సినిమాలకు రెండు రకాలుగా స్పందించింది. ఆ తేడాలు ఎందుకొచ్చాయో కనుక్కోండి. ఆ నెలల్లో ఏ దేశపు నౌకలు ఎక్కడ ఎదురుపడ్డాయి, ఎవరు ఎవరితో వాణిజ్య చర్చల్లో ఉన్నారు, సినిమా అనుమతులిచ్చే సంస్థ విదేశాంగ శాఖను సంప్రదించిందా అన్నవి పత్రికల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో దొరుకుతాయి. వియత్నాంతో మొదలుపెట్టండి, మూడు సార్లూ స్పష్టమైన నిర్ణయం తీసుకున్నది అదొక్కటే.